కర్మాగారములలో అంకెల విద్య: మామిడి రైతు తెలిసికొనవలసిన సంగతులు

విజయవాడ దాటి తిరువూరు పోవు రాజమార్గముపై మైలవరము కలదు. అచ్చటినుండి తూర్పుగా నూజివీడు దారి పట్టినచో కనుచూపు మేర మామిడి తోటలే. రెడ్డిగూడెము, విస్సన్నపేట, ఆగిరిపల్లి ప్రాంతములన్నియు ఈ తోటలకు పేరు గన్నవి. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయలు వేసవిలో ఇచ్చటినుండి లారీలకెక్కి నున్న మార్కెటునకును, గుజ్జు తీయు కర్మాగారములకును, దూరదేశములకును పోవుచుండును. పూత నిలచునో రాలునో యను దిగులు మొదలు గాలివానల భయమువరకు రైతు పడు శ్రమను ఈ పత్రిక చదువరులకు మేము వర్ణింప నక్కరలేదు.

గత వేసవిలో మేము ఈ ప్రాంతమున తిరుగుచుండగా ఒక రైతు మాకొక ప్రశ్న వేసెను. ఆయన తన కాయను ఒక కొనుగోలు కేంద్రమునకు తోలగా, అచ్చట కొత్తగా పెట్టిన యంత్రము దానిలో నాలుగవ వంతు ముదరని కాయయని వేరుచేసినదట. ఆ కాయకు తక్కువ ధర కట్టినారట. "కాయ నాది, కళ్ళు యంత్రానివి. మరి లెక్క ఎవరిదండీ? అది తప్పు చూసిందనుకోండి, నేనెవర్ని అడగాలి?" అని ఆయన అడిగెను. మేము ఆ దినమున సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత తెలిసినవారిని అడిగియు, యంత్రములను చూచియు గ్రహించిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

పాత విద్యకు కొత్త పేరు

నేడు పత్రికలలో "స్మార్టు తయారీ" యనియు, "కర్మాగారముల డిజిటల్ పరివర్తన" యనియు, "నాలుగవ పారిశ్రామిక విప్లవము" అనియు తరచు వినబడుచున్నది. ఈ చివరి పేరు 2011లో జర్మనీ దేశమునందలి హానోవరు పారిశ్రామిక ప్రదర్శనమునుండి ప్రపంచమంతట వ్యాపించినది. పేరు కొత్తదైనను దీని మూలము మన మగ్గములలోనే కలదు.

ఫ్రాన్సు దేశమున జాకార్డు అను నతడు 1804లో చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గమును నడిపెను. చిల్లు ఉన్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ధర్మవరము పట్టుచీరల అంచులు నేయు మగ్గములపై నేటికిని ఆయన పేరుగల పెట్టెను చూడవచ్చును. జపానులో టొయోడా సకిచి 1924లో తయారుచేసిన మగ్గము, నూలుపోగు తెగినంతనే తనంతట తానే నిలిచిపోయెడిది. 1969లో అమెరికాలోని మోటారుకార్ల కర్మాగారములకొరకు పి.ఎల్.సి. యను చిన్న కంప్యూటరు పెట్టె వచ్చినది. అంతకుముందు యంత్రము నడక మార్చవలెనన్న గోడనిండ అల్లిన తీగలను ఊడదీసి మరల కలుపవలసి వచ్చెడిది. ఈ పెట్టె వచ్చిన పిదప ఆజ్ఞలు మార్చి వ్రాసిన చాలును. ఇప్పుడు అట్టి పెట్టెలన్నియు ఒకదానితో నొకటి మాటలాడుకొనునట్లు కలుపబడుచున్నవి.

ఇంకను దగ్గరి ఉదాహరణము మన పొలములోనే కలదు. సెల్ ఫోనుతో బోరు మోటారును నడుపు స్టార్టరును మన రైతులు చాలమంది వాడుచున్నారు. కరెంటు వచ్చినదని ఆ పెట్టె కబురు పంపును. మూడు ఫేజులలో ఒకటి లేకున్నను, బోరులో నీరు తగ్గినను మోటారును ఆపివేయును. అర్ధరాత్రి పాముల భయముతో గట్టు వెంట నడచుట తప్పినది. ఈ పెట్టె చేయు పనినే కర్మాగారములో వందచోట్ల చేయించినచో దానినే డిజిటల్ కర్మాగారమందురు.

ఈ విద్యలో మూడే పనులు కలవు. మొదటిది కొలుచుట. ఇది సెన్సరు పని. రెండవది కొలిచినదానిని గుర్తుంచుకొనుట. ఇది కంప్యూటరు పని. మూడవది తప్పు కనబడినపుడు సరిదిద్దుట. ఇది కొంతవరకు యంత్రము, కొంతవరకు మనుష్యుడు చేయు పని.

కాయ ముదిరినదని యంత్రమునకెట్లు తెలియును?

తోటలో అనుభవజ్ఞుడైన రైతు కాయను చేతితో తీసికొని, ముచ్చికకు ఇరుప్రక్కల భుజములు ఎత్తుగా లేచినవా, తొక్కపై నునుపు వచ్చినదా యని చూచును. సందేహమున్నచో నీటిలో వేయును. ముదిరిన కాయ మునుగును, లేతకాయ తేలును. ఇది మూఢనమ్మకము కాదు. కాయ ముదిరినకొలది దానిలో పిండిపదార్థము చేరి నీటికంటె బరువెక్కును. దాని విశిష్ట గురుత్వము 1.01 నుండి 1.02 వరకు వచ్చినపుడు కోతకు తగినదని శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు.

యంత్రము చూచునదియు ఈ సంగతినే. అది కంటికి కనబడని పరారుణ కాంతిని కాయలోనికి పంపును. నీరు కొంత కాంతిని, పిండియు చక్కెరయు కొంత కాంతిని పీల్చుకొనును. తిరిగివచ్చిన కాంతిని లెక్కించి, నీరు పోగా కాయలో మిగులు ఘనపదార్థము ఎంత శాతమున్నదో యంత్రము అంచనా కట్టును. కాయను కోయనక్కరలేదు, పాడుచేయనక్కరలేదు. అదే వరుసలో కాయ దొర్లుచు పోవుచుండగా కెమెరాలు దానిని నలుదెసల ఫోటో తీయును. సొన మరకలు, దెబ్బలు, మంగు మచ్చలు ఎన్ని యున్నవో చూచును. క్రింద అమర్చిన తూకపు సెన్సరు బరువు చెప్పును. ఈ మూడు సంగతులును కలిపి యంత్రము ఆ కాయ ఏ పెట్టెలోనికి పోవలెనో రెప్పపాటులో నిర్ణయించును.

ఇచ్చట రైతు గ్రహింపవలసిన ముఖ్య విషయమొకటి కలదు. యంత్రము ఘనపదార్థమును కంటితో చూడదు, అంచనా మాత్రమే కట్టును. ఆ అంచనా సరియగుటకు ముందుగా దానికి పాఠము చెప్పవలెను. అనగా కొన్ని వందల కాయలను యంత్రమునకు చూపి, పిదప ఆ కాయలనే కోసి, ముక్కలను పొయ్యిపెట్టెలో ఎండబెట్టి, నిజమైన శాతమును కనుగొని, రెండు లెక్కలను జతపరుపవలెను. బంగినపల్లి కాయతో పాఠము నేర్చిన యంత్రము చిన్న రసము దగ్గర తడబడవచ్చును. ఒక సంవత్సరపు కాయతో నేర్చినది మరుసటి సంవత్సరము వర్షములు మారినపుడు తప్పు చెప్పవచ్చును. అద్దముపై దుమ్ము పట్టినను లెక్క చెడును. కావున యంత్రమును వేదవాక్యముగా తలచుట ఎంత పొరపాటో, అసలే నమ్మకుండుటయు అంతే పొరపాటు. దానిని ఎవరు, ఎప్పుడు, ఏ రకపు కాయతో సరిచూచినారని అడుగుట వివేకము.

నలుబదియేడున్నర డిగ్రీలు, ఇరువది నిముషములు

కాయ వేరుచేసిన పిదప కర్మాగారములో జరుగు పనులలో కొన్నిటికి మనుష్యుని కన్ను చాలదు. పండుఈగ గ్రుడ్లు కాయలోపల నుండును. వాటి భయముచేత జపాను దేశము చాలకాలము మన మామిడిని రానీయలేదు. 2006లో ఆ నిషేధము తొలగినది. కాయను ఆవిరిగదిలో పెట్టి, లోపలి గుజ్జు 47.5 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి వచ్చిన తరువాత 20 నిముషములు అదే వేడిలో ఉంచవలెనని షరతు విధించినారు. వేడి తగ్గినచో పురుగు బ్రతుకును, మించినచో కాయ ఉడికిపోవును. ఈ నడుమనున్న దారి మిక్కిలి ఇరుకైనది. అందుచేత గదిలో పెద్ద కాయలను ఎంచి, వాటి టెంక దరికి సూదివంటి సెన్సరులను గ్రుచ్చి వేడిని క్షణక్షణము కొలుతురు. ఆ లెక్కను కంప్యూటరు వ్రాసి దాచును.

పండ్లను మాగబెట్టు గదులలోను ఇదే విధానము. కాల్షియం కార్బైడు వాడుట చట్టవిరుద్ధము, ఆరోగ్యమునకు చేటు. దానికి బదులు ఇథిలీను వాయువును వాడవచ్చును. అయితే పదిలక్షల పాళ్ళ గాలిలో అది నూరు పాళ్ళకు మించరాదని ఆహార భద్రతా సంస్థ నియమించినది. ఆ నూరు పాళ్ళను ముక్కుతో వాసన చూచి ఎవరు చెప్పగలరు? సెన్సరే చెప్పవలెను. గదిలో తేమ, వేడి, కాయలు విడుచు బొగ్గుపులుసు గాలి ఎంత యున్నదో చూచి, గాలిమరలను త్రిప్పుటయు ఆపుటయు ఆ పెట్టెలే చేయును.

గుజ్జు కర్మాగారములో రసమును గొట్టముల గుండ పంపి వేడిచేసి క్రిములను చంపుదురు. వేడి నిర్ణీతమైన అంకెకు తగ్గినచో ఒక కవాటము తానే తిరుగుకొని ఆ రసమును డబ్బాలలోనికి పోనీయక వెనుకకు మరల్చును. నూలు తెగినపుడు మగ్గము నిలిచిన సూత్రమే ఇది. ఇంకను మోటారుల అదురును కొలుచు సెన్సరులు కలవు. బేరింగు అరుగుట మొదలిడినపుడే అవి హెచ్చరించును. కాయ రాశులుగా పడియున్న మే నెలలో యంత్రము ఒక్కపూట ఆగినను ఎంత సరకు క్రుళ్ళునో ఎరిగినవారికి ఈ హెచ్చరిక విలువ తెలియును.

పండు మంచిదే, పత్రము చెడినది

కొలుచుట ఎంత ముఖ్యమో, కొలిచినదానిని సరిగా వ్రాసి చూపుట అంతకంటె ముఖ్యము. అమెరికా దేశము 2007 నుండి మన మామిడిని అనుమతించుచున్నది. అందుకు కాయలపై వికిరణము ప్రసరింపజేసి పురుగు నశించునట్లు చేయవలెను. 2025 మే నెలలో ముంబయి ప్రాంతమునుండి విమానములపై పోయిన పదునైదు విడతల మామిడిని అమెరికా విమానాశ్రయములలో త్రిప్పివేసినారు. వికిరణము జరిగినట్లు తెలుపు పత్రములలో దోషమున్నదని అచ్చటి అధికారులు చెప్పినారు. వెనుకకు తెచ్చు ఖర్చు సరకు విలువను మించునని వర్తకులు ఆ పండ్లను అచ్చటనే పారవేయించినారు. ఎచ్చటి చెట్టు, ఎచ్చటి రైతు, ఎచ్చటి చెత్తకుప్ప! పండు రుచి చూచి ఎవరును కాదనలేదు, పత్రము చూచి కాదన్నారు.

ఇట్టి నష్టమును తగ్గించుటకే లెక్కను మనుష్యుడు మరల మరల చేతితో ఎక్కించుటకు బదులు యంత్రమునుండి నేరుగా పత్రములోనికి వచ్చునట్లు చేయుచున్నారు. ఎగుమతి తోటలను నమోదుచేయుటకు కేంద్రప్రభుత్వ సంస్థయైన అపెడా "మ్యాంగోనెట్" అను ఏర్పాటు చేసినది. తోట నమోదైనచో ఆ పెట్టెలోని పండు ఏ తోటదో, ఏ మందు ఎప్పుడు కొట్టినారో వెనుకకు పోయి చూడవచ్చును. అయితే ఆ గొలుసులో మొదటి కడియము రైతు పుస్తకమే. మందు కొట్టిన తేదీ తోటలో వ్రాయనిచో, కర్మాగారములో ఎంత గొప్ప కంప్యూటరున్నను అది వట్టి కాగితమునే దాచగలదు.

పాలకేంద్రపు చీటీ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. లెక్క ఎవరిది?

దీనికి సమాధానము మన గ్రామములలో ఇదివరకే కలదు. ఉదయము పాలకేంద్రమునకు పాలు పోసిన ఆడపడుచు చేతిలో ఒక చిన్న చీటీ పెట్టుదురు. దానిలో లీటర్లు, వెన్న శాతము, వెన్నకాని ఘనపదార్థము, ధర, రావలసిన సొమ్ము అచ్చుపడి యుండును. ఆమె ఆ చీటీని ఇంటిలో దాచుకొనును. నిన్నటి వెన్నకు నేటి వెన్నకు తేడా వచ్చినచో కారణమడుగును. యంత్రము చెడినదా, గేదె మేత మారినదా యని విచారింతురు. ఆ చీటీ వచ్చిన తరువాతనే పాలకేంద్రములలో యంత్రమునకు గౌరవము కలిగినది. కొలుచు యంత్రము సంఘముదే యైనను, కొలిచిన లెక్క ఇద్దరిది.

మామిడికిని ఇదే న్యాయము వర్తింపవలెను. యంత్రము చూచిన లెక్క కొనువాని కంప్యూటరులో మాత్రమే యుండి రైతునకు ధర మాత్రమే వినబడినచో, అది పాతకాలపు దళారీ చేతిగుడ్డ క్రింది బేరమునకు కొత్త చొక్కా తొడిగినట్లగును. అదే లెక్క చీటీగా రైతు చేతికి వచ్చినచో, ఆతడు మరుసటి సంవత్సరము ఏ చెట్టు కాయను వారము ఆగి కోయవలెనో తెలిసికొనును. సొన మరకలు ఎక్కువని చీటీలో నున్నచో, ముచ్చికతో కోసి, సొన కారువరకు కాయను తలక్రిందులుగా నిలుపుట కూలీలకు నేర్పించును. అప్పుడు యంత్రము రైతుకు గురువగును.

కావున కాయ తోలునపుడు రైతు సోదరులు ఈ క్రింది సంగతులు అడుగవలెనని మా సలహా:

1. తూకపు యంత్రముపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఆ సంవత్సరపుదేనా? ఎలక్ట్రానిక్ తూకములను ఏటేట సరిచూపించి ముద్ర వేయింపవలెనని నియమము కలదు.

2. కాయ పక్వము చూచు యంత్రమును మన రకపు కాయతో సరిచూచినారా? ఎప్పుడు?

3. ఎన్ని కాయలు ఏ తరగతిలో పడినవి, ఎందుచేత పడినవి అని అచ్చుచీటీ ఇత్తురా?

4. త్రోసివేసిన కాయలో పదింటిని తీసి, నీటిలో వేసియు కోసియు మన ఎదుట చూపుదురా?

5. చీటీలోని లెక్కపై తగవు వచ్చినచో ఎవరితో చెప్పుకొనవలెను?

ఒక్క రైతు అడిగినచో నవ్వి ఊరకుందురేమో. రైతు ఉత్పత్తిదారుల సంఘముగా ఏర్పడి, కాయ తోలుటకు ముందే ఒప్పందములో ఈ మాటలు వ్రాయించినచో ఎవరును నవ్వజాలరు.

పనివారి మాట

కాయలు ఏరుటలోను, తరగతులు చేయుటలోను మన ప్రాంతపు స్త్రీలు వేసవి నాలుగు మాసములు కూలి సంపాదించుకొనుచున్నారు. కెమెరాలు వచ్చినచో ఈ పనిలో మునుపటియంతమంది అక్కరలేదు. ఈ సంగతిని దాచుటవలన ప్రయోజనము లేదు. కాని కొత్త పనులును కలుగుచున్నవి. అద్దములు తుడిచి సెన్సరులను సరిచూచుట, తెరపై హెచ్చరికలను గమనించుట, చీటీలను రైతులకు వివరించుట మొదలగునవి అట్టివి. ఏండ్ల తరబడి కాయ నేరిన చేతికి పండు గుణము తెలియును. తెర చదువుట నేర్పిన చాలును. యంత్రమునకు పాఠము చెప్పునపుడు ఏది మంచి కాయ, ఏది కాదని చూపవలసినవారును వారే. వారి కన్నును యంత్రమునకు ఎరువిచ్చి, వారిని మాత్రము ఇంటికి పంపుట ధర్మము కాదు. క్రొత్త యంత్రము కొను యజమానులు పాత పనివారికే ముందుగా శిక్షణ ఇచ్చుట తమకును లాభము.

యువకులకు దారులు దగ్గరనే కలవు. నూజివీడునందు 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమున గ్రామీణ విద్యార్థులే ఎక్కువగా చదువుచున్నారు. వారి చదువును తోటకు దగ్గరచేయుట మన పెద్దల బాధ్యత. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చిన పిల్లవానికి సెన్సరుల పని అందని మ్రానిపండు కాదు.

చిన్న పరిశ్రమ ఎచ్చట మొదలిడవలెను?

ఇవన్నియు కోట్ల రూపాయల కర్మాగారములకే గాని తాండ్ర, పచ్చడి, గుజ్జు చేయు చిన్నవారికి కావని తలచుట సరికాదు. అన్నియు ఒకేసారి కొననక్కరలేదు. మొట్టమొదట ఎక్కడ ఎక్కువ సరకు పాడగుచున్నదో ఒక పుస్తకములో నెలదినములు వ్రాసిన చాలును. మాగబెట్టు గదిలో పాడగుచున్నచో వేడిని తేమను వ్రాసిపెట్టు ఒక చిన్న పరికరము కొనవలెను. రసము చెడుచున్నచో వేడి కొలుచుటకే మొదటి రూపాయి పెట్టవలెను. కరెంటు పోయినపుడు లెక్క చెరిగిపోకుండ బ్యాటరీ యుండవలెను. లెక్కకు రెండవ ప్రతి వేరొకచోట దాచవలెను. యంత్రము అమ్మినవాడే దాని తాళముచెవి, అనగా పాస్‌వర్డు, తనయొద్ద నుంచుకొనకుండ చూడవలెను.

సూక్ష్మ ఆహార పరిశ్రమలకొరకు 2020లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పథకము క్రింద యూనిటు ఖర్చులో 35 శాతము, 10 లక్షల రూపాయలకు మించకుండ, ఋణముతో కూడిన సబ్సిడీగా నిర్ణయించినారు. ప్రస్తుతము ఏ యే సహాయములు లభించునో జిల్లా పరిశ్రమల కార్యాలయమునను, ఉద్యానశాఖ కార్యాలయమునను విచారించి తెలిసికొనవచ్చును. కొత్త యంత్ర విధానములను చూచి నేర్చుకొనుటకు భారీ పరిశ్రమల మంత్రిత్వశాఖ "సమర్థ్ ఉద్యోగ్" పేర పూనాలోను, ఢిల్లీలోను, బెంగుళూరులోను కేంద్రములు నెలకొల్పినది. మన రాష్ట్రములో 2025 ఆగస్టునందు మంగళగిరిలో రతన్ టాటా నవకల్పనల కేంద్రము ప్రారంభమైనది.

ప్రతి పనికిని యంత్రము కావలెనని మా ఉద్దేశము కాదు. మైలవరము పొరుగుననున్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేయువారి చేతివాటమునకు సెన్సరు తోడు అక్కరలేదు. ఏది చేతికి విడువవలెనో, ఏది యంత్రమునకు అప్పగింపవలెనో తెలిసికొనుటయే వివేకము. కాయలోని పురుగును, గాలిలోని వాయువును, గొట్టములోని వేడిని యంత్రము మనకంటె బాగుగ చూచును. ఆ చూపులోని న్యాయమును మాత్రము మనమే చూచుకొనవలెను.

మమ్ము ప్రశ్నించిన రైతునకు మా సమాధానమిది: కాయ మీది, యంత్రము వారిది, లెక్క ఇద్దరిది. ఈ వేసవి మొదటి లారీ కదలుటకు ముందే చీటీ అడుగుడు. ఆ చీటీని పాలచీటీవలె ఇంటి చూరున దాచియుంచుడు. మరుసటి పంటకు అదియే మీ మొదటి పెట్టుబడి యగును.